ఏడవడానికి ఒక వాకిలి

(హయత్‌నగర్‌లో మన సంఘం జరుపుకున్న పెద్దల సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన మధ్య నుంచి వెళ్ళిపోయిన పెద్దల ఫొటోలు ఈ వేదిక మీద వరుసగా పెట్టుకున్నాం. దండలు వేశాం, దీపం వెలిగించాం, లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ రెండు నిమిషాల్లోనే మాకు ఒక సంగతి తట్టింది. మన తండాలో ఎవరైనా పోతే ఎవరూ మౌనంగా ఉండరు. అక్కడ చావు కబురు కంటే ముందు ఏడుపు చేరుతుంది. ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి, పోయినవాళ్ళ పేరు పిలిచి, వాళ్ళు చేసిన మంచి అంతా చెప్పి ఏడుస్తారు. అదే మన నివాళి.

మౌనం పాటించడం మన పద్ధతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919 నవంబరు 11న బ్రిటిష్ సామ్రాజ్యమంతటా రెండు నిమిషాలు పని ఆపి నిలబడ్డారు. అప్పటి నుంచి అది లోకమంతా పాకింది. అందులో తప్పేమీ లేదు. కానీ ఇందాక మన యాడీలు చేతులు కట్టుకుని, పెదవులు బిగబట్టి నిలబడటం చూస్తే మా గుండె చివుక్కుమంది. అందుకే ఇవాళ రాసుకొచ్చిన మాటలు పక్కన పెట్టి, చావు గురించే మాట్లాడదామనుకున్నాం. చావు వచ్చినప్పుడు మనుషులు ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, పట్నం వచ్చి మనం ఏం పోగొట్టుకున్నాం, ఇప్పుడు ఏం చేయాలి అన్నదే మా మాట.

సభ పెట్టుకుని చావు మాటలేమిటని ఎవరైనా అనుకుంటే, మనం ఉన్న ఊరి పేరు ఒకసారి గుర్తు చేస్తాం. హయాత్ అంటే బతుకు, ప్రాణం. గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు ఇది. ఆమె మసీదు, దాని పక్కన ఏనుగు బావి ఇప్పటికీ మన నడుమనే ఉన్నాయి. ప్రాణం పేరు పెట్టుకున్న ఆ తల్లి 1667లో పోయింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆమె సమాధి ఉంది. అంటే బతుకు పేరున్న ఊరిలో కూడా చావు గురించి మాట్లాడుకోక తప్పదు. మాట్లాడుకోకపోతే ఏమవుతుందో పోయిన వానాకాలంలో చూశాం.

దేవరకొండ వైపు తండా నుంచి ముప్పై ఏళ్ళ కిందట ఇటు వచ్చి, మేస్త్రీ పని చేసుకుంటూ పిల్లలను చదివించిన కాకా ఒకాయన మనలో చాలామందికి తెలుసు. మనం ఉండే కాలనీల్లో ఎన్ని ఇళ్ళకు ఆయన చేతి సిమెంటు అంటిందో లెక్కలేదు. ఆయన ఒక రాత్రి ఆసుపత్రిలో కన్ను మూశాడు. కొడుకు బండి మాట్లాడుకుని, అద్దె ఇంటి దగ్గరకు తీసుకొచ్చాడు. ఇంటి యజమాని గేటు దగ్గరే నిలబడి, ఏమనుకోవద్దు గాని లోపలికి మాత్రం తేవద్దు అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి కరెంటు స్తంభం కింద, రోడ్డు పక్కన బండి ఆపుకున్నారు. మేము పది మందిమి పోయేసరికి కాకీ రోడ్డు అంచున కూర్చుని ఉంది. చుట్టాలు వచ్చారు. ఆమె రాగం ఎత్తుకుంది. ఎదుటి అపార్టుమెంటు బాల్కనీల్లో లైట్లు వెలిగాయి. కొడుకు వంగి, "యాడీ, మెల్లగా" అన్నాడు. ఆమె ఓణీ చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రాత్రే బండి సాగర్ రోడ్డు ఎక్కి, దాదాపు వంద కిలోమీటర్లు పోయి తండా చేరింది. అక్కడ దిగాక గాని కాకీ గొంతు విప్పలేదు. ముప్పై ఏళ్ళు ఇళ్ళు కట్టిన మనిషికి, పోయిన రోజున గంటసేపు పడుకోబెట్టడానికి ఇంత వాకిలి దొరకలేదు. ఇంటి యజమానిని తిట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయనకూ ఒక భయం ఉంది. అద్దె ఇంట్లో శవం పెడితే అశుభమని, మళ్ళీ ఎవరూ అద్దెకు రారని, మైల అంటుతుందని. అది ఆయన ఇంట్లో పుట్టి పెరిగిన నమ్మకం. ఆయన నమ్మకానికీ మన ఏడుపుకీ మధ్య ఆ బండి రోడ్డు మీద నిలబడిపోయింది. మన కాలనీల్లో అద్దెకుండే వాళ్ళలో ఈ భయం లేని ఇల్లు లేదు. ముసలి తల్లిదండ్రులకు జబ్బు ముదిరితే, మందు కోసం కాదు, ఈ గేటు భయంతోనే ఊరికి పంపించేవాళ్ళు ఉన్నారు. పెద్దవాళ్ళను చావడానికి ఊరికి పంపడం అంటే ఏమిటో ఆలోచించండి.

తండాలో చావు ఒక ఇంటి పని కాదు. కబురు అందగానే నాయక్ వస్తాడు, కార్‌భారి వస్తాడు. ఎవరు ఏ ఊరికి పోయి చుట్టాలకు చెప్పాలో, కట్టెలు ఎవరు తేవాలో, గుడ్డ ఎవరు కొనాలో అక్కడే పంచుకుంటారు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పక్కిళ్ళ వాళ్ళు అన్నం వండి తెస్తారు. పెళ్ళయినవాళ్ళను కాలుస్తారు, పెళ్ళి కానివాళ్ళను, పసిపిల్లలను పూడుస్తారు. మూడో రోజు రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చూర్మో చేసి పెడతారు. ఆ తర్వాత దినం. వీటన్నిటికీ అర్థాలు మన పెద్దలు రకరకాలుగా చెబుతారు. మేము గమనించింది ఒక్కటే. ఆ రోజుల్లో చనిపోయినవాళ్ళ ఇంటి వాళ్ళకు ఒంటరిగా కూర్చునే తీరిక దొరకదు. ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. దుఃఖం తగ్గించడం ఎవరి చేతా కాదు. దాన్ని ఒక్కరే మోయకుండా చూడటం మాత్రం తండా చేతిలో ఉంది.

తెలుగు ఊళ్ళన్నిటిలో దింపుడు కళ్ళం అనే మాట ఉంది. శ్మశానానికి పోయే దారిలో పాడె దించి, చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. లేస్తాడేమో అని. లేవడని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు. ఆఖరి ఆశకు తెలుగులో దింపుడు కళ్ళం ఆశ అని పేరొచ్చింది అక్కడి నుంచే. తెలిసీ ఎందుకు పిలుస్తారు? చనిపోయాడన్న సంగతి బుద్ధికి ఒక్క క్షణంలో తెలుస్తుంది, మనసుకు తెలియడానికి చాలా రోజులు పడుతుంది. ఆ మధ్య కాలాన్ని దాటించడానికే మనుషులు ఇన్ని తంతులు పెట్టుకున్నారు.

రాబర్ట్ హెర్ట్జ్ అనే ఫ్రెంచి పండితుడు 1907లో సరిగ్గా ఈ మాటే రాశాడు. చావు ఒక క్షణంలో అయిపోయేది కాదని, చాలా సమాజాలు దాన్ని రెండు మెట్లుగా జరుపుతాయని చెప్పాడు. మొదటిసారి శవాన్ని సాగనంపుతారు. కొన్నాళ్ళ తర్వాత, కొన్నిచోట్ల ఏళ్ళ తర్వాత, రెండోసారి తంతు జరిపి పోయినవాళ్ళను పూర్వీకులలో కలుపుతారు. ఈ రెంటి మధ్య కాలంలో బతికున్నవాళ్ళు కూడా సగం ఇటు, సగం అటు ఉంటారు. రెండో తంతు అయ్యాక వాళ్ళు మళ్ళీ మామూలు బతుకులోకి వస్తారు. ఆ పండితుడు 1915లో యుద్ధంలో చిన్న వయసులోనే చనిపోయాడు. కానీ ఆయన రాసింది చదివితే మన ఆదిలాబాద్ గూడేలు, శ్రీకాకుళం కొండలు చూసి రాశాడా అనిపిస్తుంది.

శ్రీకాకుళం, పార్వతీపురం కొండల నుంచి ఒడిశా దాకా ఉన్న సవరల సంగతే చూడండి. పోయినవాళ్ళ కోసం వాళ్ళు జరిపే గువార్ అనే తంతులో రాయి పాతుతారు, దున్నను బలి ఇస్తారు. అంతకంటే గొప్ప సంగతి ఇంకొకటుంది. వెర్రియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకం రాశాడు. తర్వాత పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆయన ఒడిశా వైపు సవరల మధ్య చాలాకాలం ఉండి, 1993లో ఇంకో పుస్తకం తెచ్చాడు. ఆయన చూసిందేమిటంటే, పూనకం వచ్చిన అమ్మ నోటి నుంచి చనిపోయినవాళ్ళు మాట్లాడతారు. ఇంటివాళ్ళు ఎదురు మాట్లాడతారు. నన్నెందుకు సరిగా చూసుకోలేదని పోయినవాళ్ళు నిలదీస్తారు. నువ్వెందుకు ఇంత తొందరగా పోయావని ఉన్నవాళ్ళు ఏడుస్తారు. ఇది ఒక రోజుతో అయిపోదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. మెల్లమెల్లగా కోపం తగ్గి, చనిపోయినవాళ్ళు కీడు చేసేవాళ్ళ నుంచి కాపాడే పెద్దలుగా మారతారు. నమ్మినా నమ్మకపోయినా, చెప్పుకోలేకపోయిన మాట చెప్పుకునే చోటు ఒకటి వాళ్ళు పెట్టుకున్నారు. మనలో ఎంతమందికి పోయిన నాన్నతో చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయి లేదు?

గోండులలో పోయిన మనిషిని సనాల్ అంటారు. ఆ సనాల్‌ను పెర్సాపేన్ దగ్గర పెద్దలలో కలిపితే గాని చావు పని పూర్తయినట్టు కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మీలో చాలామంది వెళ్ళి ఉంటారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ అందరికీ తెలుసు. దానికి ముందు జరిగేది కొందరికే తెలుసు. మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళ కోసం హస్తినమడుగుకు నడిచి వెళ్ళి వస్తారు. కేస్లాపూర్‌లో మర్రిచెట్టు కింద దిగుతారు. అక్కడ తమ వంశంలో పోయినవాళ్ళ పేరు మీద తూమ్ అనే తంతు జరుపుతారు. దానితో వాళ్ళ ఆత్మలకు శాంతి అని నమ్ముతారు. ఆ జాతరలోనే మెస్రం ఇళ్ళకు వచ్చిన కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. చూడండి, పోయినవాళ్ళను సాగనంపడం, వచ్చినవాళ్ళను కలుపుకోవడం ఒకే జాతరలో, ఒకే దేవుడి ముందు. వంశం అంటే ఉన్నవాళ్ళు మాత్రమే కాదు. పోయినవాళ్ళు, రాబోయేవాళ్ళు కూడా అందులో ఉంటారు.

మన లంబాడాలకు దీపావళి ఉంది. పట్నంలో అది పటాకుల పండుగ అయింది గాని, తండాలో కాళీమాస్ నాటి సాయంత్రం ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ మేరా అడగడానికి పోతారు. మర్నాడు పొద్దున ఇంటి పెద్ద నిప్పుల ముందు కూర్చుని, నెయ్యి, తీపి వేస్తూ పోయిన పెద్దల పేర్లు తలుచుకుంటాడు. అదే ధబుకార్. ఒక్కొక్క పేరు చెప్పి ఆ నిప్పుల్లో వేస్తుంటే, మనం చూడని ముత్తాతలు కూడా ఆ పొగలో ఇంట్లోకి వచ్చి పోయినట్టు ఉంటుంది. ఇక మేడారం సంగతి చెప్పనక్కరలేదు. చిలకలగుట్ట మీద మాయమైందని చెప్పుకునే సమ్మక్కను రెండేళ్ళకు ఒకసారి, మాఘ పౌర్ణమి నాళ్ళలో కోయ వడ్డెలు కుంకుమభరిణె రూపంలో గద్దె మీదకు తెస్తారు. పోయిన తల్లి తిరిగి వస్తుంది. తల్లి వచ్చే దారిలో లక్షల మంది నిలబడతారు.

ఇదంతా మన వాళ్ళకే ఉన్న ప్రత్యేకత అని గర్వపడితే పొరపాటు. ఇండోనేషియాలో తొరాజా అనే జనం ఉన్నారు. ఇంట్లో మనిషి పోతే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు శవాన్ని ఇంట్లోనే ఉంచుకుంటారు. పెద్ద దినం జరిపేదాకా చనిపోయాడు అనరు, జబ్బుతో ఉన్నాడు అంటారు. అన్నం కూడా పెడతారు. మడగాస్కర్‌లో కొన్నేళ్ళకు ఒకసారి సమాధి తెరిచి, ఎముకలకు కొత్త బట్ట చుట్టి, పాటలతో ఆడిపాడి మళ్ళీ లోపల పెడతారు. మెక్సికోలో నవంబరు మొదటి రెండు రోజులు పోయినవాళ్ళు ఇంటికొస్తారని బంతిపూలతో దారి పరుస్తారు, వాళ్ళకు ఇష్టమైన తిండి పెడతారు. మన బతుకమ్మ బంతిపూలే అక్కడ చనిపోయినవాళ్ళకు దారి చూపుతాయి. ఆ మొక్క అసలు పుట్టింది కూడా ఆ దేశం వైపే. కాల్చేవాళ్ళు, పూడ్చేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, ఆడేవాళ్ళు, ఎవరి పద్ధతి వాళ్ళది. కానీ ఏ జనాన్ని చూసినా మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతున్నారు. ఈ శరీరాన్ని ఏం చేయాలి? ఆ మనిషి ఎక్కడికి పోయాడు? మిగిలిన మేము ఎలా బతకాలి? మొదటి రెండింటికీ మతాన్ని బట్టి జవాబులు మారతాయి. మూడోదానికి మాత్రం అందరి జవాబూ ఒక్కటే. కలిసి బతకాలి.

మన నేల మీద ఈ జవాబు చాలా పాతది. నారాయణపేట జిల్లా ముడుమాలలో నిలువురాళ్ళు ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. మన హైదరాబాదులోనే హష్మత్‌పేటలో ఇనుప యుగం నాటి సమాధులు బయటపడ్డాయి. ఇలాంటి వాటిని ఊళ్ళలో రాక్షసగుళ్ళు అంటారు. అంత పెద్ద రాళ్ళు మనుషులు ఎత్తలేరని, రాక్షసులే ఎత్తారని అనుకున్నారు. ఎత్తింది మనుషులే. ఒక్క మనిషి కాదు, ఊరు ఊరంతా కలిసి ఎత్తింది. చనిపోయిన ఒక్కరి కోసం వందమంది కలిసి రాయి లాగిన నేల ఇది. ఆ నేల మీద ఒక కాకాకు గంటసేపు గేటు తెరుచుకోలేదు.

ఏడవడం కూడా ఒక హక్కు అని మన చరిత్రలో రెండుసార్లు తెలిసొచ్చింది. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆయన వర్ధంతిని గోండులు ఇంగ్లిషు తేదీ ప్రకారం కాదు, ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకుంటారు. ఎవరి చావును ఎప్పుడు తలుచుకోవాలో వాళ్ళ చంద్రుడే చెబుతాడు. రెండోది ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. అధికారిక లెక్క ప్రకారమే 13 మంది పోయారు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ రోజున అక్కడ స్తూపం దగ్గర గుమిగూడటానికి ఆంక్షలు ఉండేవి. తమ వాళ్ళ కోసం ఏడవడానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చిన జనం వాళ్ళు.

దీనికి ఎదురుగా మార్లవాయి ఉంది. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి? గోండుల జీవితాన్ని పుస్తకాల్లోకి ఎక్కించిన హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో పోతే, ఆమెను తీసుకుపోయి ఆ గోండు ఊరిలోనే పూడ్చారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఇప్పటికీ జనవరి 11న ఆ ఊరు వాళ్ళను తలుచుకుంటుంది. ఆ ఊరు వాళ్ళకు సొంతమని చెప్పడానికి పట్టా పాసుపుస్తకం అక్కరలేదు, ఆ సమాధి చాలు. మనిషి ఏ ఊరివాడు అంటే పుట్టిన ఊరివాడు అంటారు. ఎవరు కన్నీళ్ళు పెడితే ఆ ఊరివాడు అని కూడా అనాలి.

మరి మన సంగతి? నాగార్జునసాగర్ కింద మునిగిన తండాల వాళ్ళు పొలాలతో పాటు పెద్దల మట్టిని కూడా నీళ్ళకు వదిలారు. పోలవరం కింద కోయ గూడేలది అదే బాధ. పొలానికి పరిహారం లెక్క కడతారు, తాత సమాధికి ఏ లెక్క కడతారు? మనం మాత్రం నీళ్ళు తరిమితే రాలేదు. కూలి కోసం, చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో చదువుకున్నాం, ఎల్బీనగర్ అడ్డాల మీద నిలబడ్డాం, ఇక్కడ ఇళ్ళు అద్దెకు తీసుకున్నాం, కొందరం కట్టుకున్నాం. పెళ్ళిళ్ళు ఇక్కడి ఫంక్షన్ హాళ్ళలో చేస్తున్నాం. తీజ్ మొలకలు ఇక్కడే పెంచుతున్నాం. సేవాలాల్ జయంతి ఇక్కడే జరుపుతున్నాం. చావు ఒక్కటే ఇంకా ఊరిలో ఉంది. ఇప్పటిదాకా ఊరు మోసింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు తండాలోనూ పాడె మోసే పడుచువాళ్ళు తగ్గారు. వాళ్ళూ ఇక్కడే ఉన్నారు, మన పక్క వీధిలో.

2020, 2021 సంవత్సరాల్లో మనకు ఇది గట్టిగా తెలిసింది. కరోనాలో ముఖం చూడకుండా, స్నానం చేయించకుండా, మెడ పట్టుకుని ఏడవకుండా ఎందరినో సాగనంపాం. ఆ ఇళ్ళలో కొందరు ఇవాళ్టికీ, మా అమ్మ ఇంకా ఎక్కడో ఆసుపత్రిలో ఉన్నట్టే అనిపిస్తుంది అంటారు. హెర్ట్జ్ చెప్పిన ఆ మధ్య కాలంలోనే వాళ్ళు ఆగిపోయారు. దాటించే తంతు జరగలేదు, దాటించే చేతులు రాలేదు.

అయితే పాతదంతా పట్టుకుని వేలాడమని మేము చెప్పడం లేదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని చాలాసార్లు వాదించుకున్నాం. చివరికి ఒక కొలత పెట్టుకున్నాం. ఈ ఆచారం చావు ఇంటికి నాలుగు చేతులు తెస్తుందా, లేక ఆ ఇంటి మీద ఇంకో బరువు పెడుతుందా? చేతులు తెచ్చేదైతే ఉంచుదాం. బరువు పెట్టేదైతే వదిలేద్దాం.

ఆ కొలతతో చూస్తే, దినానికి అప్పు చేసి మేకలు కోయడం, సారా పోయించడం బరువు. నాలుగు రొట్టెల చూర్మో చాలు. భర్త పోయిన ఆడమనిషి ఘుగ్రీ, బలియా అందరి ముందు తీయించడం బరువు. ఏడుస్తున్న మనిషిని ఇంకా ఏడిపించడం అది. ఉంచుకోవాలా, తీసేయాలా అన్నది ఆమె ఇష్టానికి వదిలేద్దాం. శుభకార్యాల్లో ఆమెను వెనక నిలబెట్టడం కూడా మానేద్దాం. ఈ మాటకు కొందరు పెద్దలకు కోపం రావచ్చు. వాళ్ళకు చేతులెత్తి మొక్కుతూనే ఈ మాట అంటున్నాం.

రాగం తీసి ఏడవడం మాత్రం బరువు కాదు. అది చేతులు తెస్తుంది. ఆ పాటలో పోయినవాళ్ళ బతుకంతా ఉంటుంది. ఏ కరువులో ఏం చేశారు, ఎవరికి అన్నం పెట్టారు, ఏ బిడ్డను ఎలా పెంచారు, అన్నీ. చదువురాని మన యాడీలు అప్పటికప్పుడు కట్టే జీవితచరిత్ర అది. మన ఆడపిల్లలకు ఇంగ్లిషు, కంప్యూటరు అన్నీ వచ్చాయి, ఆ రాగం రాలేదు. సిగ్గుపడి నేర్చుకోలేదు. ఈ తరం యాడీలు పోతే దాన్ని మనకు ఎవరు నేర్పుతారు?

అందుకే ఈ సభ ముందు నాలుగు పనులు పెడుతున్నాం.

మొదటిది వాకిలి. మనలో సొంత ఇల్లున్న కొన్ని కుటుంబాలు ఒక మాట ఇచ్చాయి. అద్దె ఇంట్లో ఉండే మన మనిషి ఎవరు పోయినా, ఏ కులం, ఏ తెగ అని చూడకుండా, తమ గేటు తెరిచి, వాకిట్లో పడుకోబెట్టి, చుట్టాలు వచ్చేదాకా ఉండనిస్తామని. చుట్టుపక్కల వాళ్ళతో ముందే మాట్లాడి ఒప్పిస్తామని కూడా అన్నారు. కొన్ని గేట్లు ఇంత పెద్ద పట్నానికి ఏమూలకు అనొచ్చు. ఒక కాకీ చెంగు నోట్లో కుక్కుకోకుండా ఆపడానికి ఒక్క గేటు చాలు. ఇంకా ఎవరైనా ముందుకొస్తే ఈ సభలోనే పేరు చెప్పండి.

రెండోది చేతులు. కబురు రాగానే ఎవరు ఆసుపత్రికి పోవాలి, ఎవరు బండి చూడాలి, ఎవరు అన్నం వండి తేవాలి అని కాలనీల వారీగా పడుచువాళ్ళు పంచుకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి పార్థివదేహాన్ని ఉచితంగా చేర్చే పరమపద వాహనాలు తెలంగాణలో 2016 నుంచి ఉన్నాయి. ఆ సంగతి తెలియక అప్పు చేసి ప్రైవేటు బండ్లకు కట్టినవాళ్ళు మనలో ఉన్నారు. 1969 నాటి చట్టం ప్రకారం చావును 21 రోజుల లోపల నమోదు చేయించాలి. ఆ కాగితం లేకపోతే పింఛను, బీమా, భూమి, అన్నీ ఆగిపోతాయి. చదువుకున్న పిల్లలు ఏడ్చే ఇంటికి పోయి ఆ కాగితం పని చేసిపెడితే, అది కూడా పాడె మోసినట్టే.

మూడోది పేర్లు. మన ఇళ్ళలో మూడు తరాల వెనక పేరు అడిగితే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. ఈ దీపావళికి ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి, తెలిసిన పెద్దల పేర్లు, వాళ్ళ తండా, వాళ్ళు చేసిన పని రాసుకోండి. ధబుకార్ నాడు ఇంటి పెద్ద ఆ పేర్లు చదువుతుంటే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. అపార్టుమెంటులో నిప్పులు కుదరకపోతే చిన్న మట్టి మూకుడు చాలు.

నాలుగోది రాగం. యాడీల గొంతులు సెల్‌ఫోన్లో రికార్డు చేసి దాచుదాం. చావు ఇంట్లో కాదు, అది మర్యాద కాదు. పండుగ రోజు తీరిగ్గా కూర్చోబెట్టి, వాళ్ళ అమ్మ పోయినప్పుడు వాళ్ళు ఎలా ఏడ్చారో పాడించుకుందాం. పక్కన మన ఆడపిల్లలు ఉండాలి.

చివరగా ఒక మాట. ఇందాక రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. సభ ముగిసే ముందు ఇంకోసారి నిలబడదాం, ఈసారి మౌనంగా వద్దు. ఈ ఫొటోల్లో ఉన్న ఒక్కొక్కరి పేరు మేము చదువుతాం. పేరు విన్నాక ఆ మనిషి గురించి మీకు తెలిసిన ఒక్క మంచి మాట గట్టిగా చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి. ఇక్కడ ఎవరూ మెల్లగా అనరు.

మొదటి ఫొటో ఆ కాకాదే. కాకీ ముందు వరుసలో ఉంది. మొదటి మాట ఆమెదే.

రామ్ రామ్. జై సేవాలాల్.